పక్క మొగ్గలు

ఆ రోజు పొద్దున మేనేజరు గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానం చేసి, టిఫిన్ తిని, ఆఫీసుకు బయల్దేరే ముందు వరండాలో ఉన్న చామంతి కుండీ దగ్గర కాసేపు కూర్చోవాలి. రెండు మొగ్గలు తుంచెయ్యాలి. అంతే.

ఆ కుండీ అంటే ఆయనకు ప్రాణం. నిరుడు పూసి ఎండిన తల్లి మొక్క మొదట్లో లేచిన పిలకను వేరు చేసి, ఆకుల ఎరువు కలిపిన మట్టిలో నాటి, వెదురుపుల్లకు మెత్తటి దారంతో కట్టి, ఆకుల అడుగున చేరిన పేనుబంకను సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, పసిపిల్లను సాకినట్టు సాకారు. చామంతికి మొగ్గ పడాలంటే రాత్రి రాత్రిలాగే ఉండాలి. దీపం వెలుగు పడితే అది ఇంకా పగలే అనుకుని ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, మొగ్గ ఊసే ఎత్తదు. అందుకని ఆ ఇంట్లో చీకటి పడ్డాక వరండా లైటు వెయ్యడానికి వీల్లేదు. వచ్చిన చుట్టాలు గోడ తడుముకుంటూ లోపలికి రావలసిందే. మేనేజరు గారి భార్య కాలి బొటనవేలు గడపకు ఎన్నిసార్లు తగిలిందో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

ఇంత తపస్సూ దేనికంటే, పూల ప్రదర్శనలో పెట్టడానికి. ఒక కొమ్మకు ఒకే పువ్వు, అన్నం పళ్లెమంత తెల్లటి పువ్వు. కొమ్మ చివర నడిమి మొగ్గ ఒకటి బాగా కట్టింది. దాన్ని ఆనుకుని అటొకటి, ఇటొకటి పక్క మొగ్గలు. ఆ రెండూ ఉన్నంతకాలం నడిమి దాని నోటి దగ్గర ముద్ద లాక్కుంటూనే ఉంటాయి. లేతగా ఉన్నప్పుడే తీసెయ్యాలి. ముదిరాక లాగితే కొమ్మ చర్మం కూడా చీలి వస్తుంది.

సరిగ్గా ఆయన కుండీ ముందు పీట వేసుకునేసరికి ఓనరు గారి నుంచి ఫోను. స్కూలు పుస్తకాల పేజీలు మెషీను ఎక్కించే వేళయింది, కాగితం కొలత తేడాగా ఉంది, ఉన్నపళాన రమ్మన్నారు. మేనేజరు గారు మొగ్గల్ని వదిలేసి పరుగెత్తారు.

ఆయన పనిచేసేది ఒక ప్రింటింగ్ ప్రెస్సులో. కింద మెషీన్లు, మేడ మీద అచ్చుతప్పులు దిద్దే ప్రూఫుల గది. ఆ గదిలోనే ఒక మూల చెక్కలతో అడ్డం కట్టి మేనేజరు గారికి క్యాబిన్ చేసిచ్చారు. ఆ చెక్కగోడ పైకప్పు దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయింది. పైగా మేనేజరు గారు కుర్రతనమంతా మెషీన్ల మధ్య గడిపినవారు. ఆయన గుసగుసలాడినా వీధిలోకి వినిపిస్తుంది.

క్యాబిన్‌కు ఎదురుగా వరసగా మూడు బల్లలు. కిటికీ పక్క బల్ల పెద్దాయనది. ఈ ప్రెస్సులో ఆయన చూడని మెషీను లేదు. తలుపు పక్క బల్ల కామా గారిది. ఎక్కడ చూసినా ఒక కామా తగ్గిందనిపించే స్వభావం ఆయనది, అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఈ ఇద్దరి నడుమ బల్ల కొత్తగా చేరిన అమ్మాయిది. సన్నగా ఉంటుంది, నోరు విప్పదు. కాగితం మీద ఉండి కూడా పలకని అక్షరం కదా అని పెద్దాయన ఆమెకు అరసున్న అని పేరు పెట్టాడు.

అరసున్న దిద్దిన కాగితాలు తీసుకుని కిందికి వెళ్లింది. ఇద్దరు పెద్దవాళ్లూ పాఠ్యపుస్తకం మీద వంగి ఉన్నారు. క్యాబిన్‌లో మేనేజరు గారు ఇంటికి ఫోన్ చేశారు. కింద మెషీను హోరు. ఏమీ వినపడటం లేదు. ఇంతలో కాగితం మార్చడానికి కాబోలు, మెషీను ఆగింది.

"పక్కవి రెండూ తీసెయ్యి!" అన్న కేక చెక్కగోడ మీదుగా దూకి వచ్చి బల్లల మీద పడింది.

కామా గారి ఎర్ర కలం ఆగిపోయింది.

"జాలేమిటి జాలి? ఇన్నాళ్లూ మేపాం కదా! బలమంతా అవే తినేస్తున్నాయి. మధ్యలోది ఒక్కటీ ఉంటే చాలు... ఆ, చిన్నదే. కానీ రేప్పొద్దున అదే పెద్దదవుతుంది, చూస్తూండు... కాదు, ఇవాళే. ఇప్పటికే ముదిరిపోయాయి. నేనే పొద్దున తీసేద్దామనుకున్నాను, ఇంతలో ఓనరు పిలిచారు..."

మెషీను మళ్లీ మొదలైంది. హోరులో మిగతాదంతా కలిసిపోయింది.

పెద్దాయన తల ఎత్తకుండానే కళ్లద్దాల మీది నుంచి ఎడమవైపు చూశాడు. కామా గారు కుడివైపు చూశారు. ఇద్దరి చూపులూ నడుమ ఉన్న ఖాళీ కుర్చీ మీద కలుసుకున్నాయి.

"విన్నావా?" అన్నాడు పెద్దాయన.

"పక్కవి రెండూ అంటే..." కామా గారు తన బల్లనూ పెద్దాయన బల్లనూ చూశారు. "మనమేనంటారా, గురువుగారూ?"

"ఈ గదిలో మధ్యలోది అంటే ఎవరు? అరసున్నే కదా? ఓనరు పిలిచారని కూడా అన్నాడు. పైనుంచే వచ్చిందన్నమాట." పెద్దాయన అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో అప్పుడు బయటపెట్టాడు. "ముదిరిపోయామట! వీడు ఇక్కడ సిరా డబ్బాలు మోసే రోజుల్లో వీడికి ఒత్తులు నేర్పింది నేను!"

కామా గారు మెట్ల మీదికి వెళ్లి భార్యకు ఫోన్ చేశారు. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఫోనులో కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించింది.

"నా ఉద్యోగం పోయింది," అన్నారాయన.

మిషను ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. విన్నాను."

"ఎవరిని అన్నదో తెలుసుకోకుండా పోయిందంటారేమిటండీ? లోపలికెళ్లి అడగండి."

"అడిగితే, అవును అంటే?"

"అడక్కపోతే కాదంటారా?"

కామా గారు ఫోన్ పెట్టేశారు. లోపలికెళ్లి అడిగే ధైర్యం లేదు. ప్రూఫులు దిద్దడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. దుకాణాల బోర్డుల మీద తప్పులు చూస్తూ నడిచి ఎన్నిసార్లు కరెంటు స్తంభాలకు గుద్దుకున్నారో వీధిలో అందరికీ తెలుసు. అలాంటి మనిషిని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? ఆయన వచ్చి కూర్చుని పేజీ ముందు పెట్టుకున్నారు. భూమి, సూర్యుని, చుట్టూ, తిరుగును, అని దిద్దారు. మళ్లీ చదువుకుని, ఇంకా ఏదో తగ్గిందనిపించి, భూమికి ముందు కూడా ఒక కామా పెట్టారు.

అంతలో మెషీను మళ్లీ ఆగింది. క్యాబిన్‌లో రెండో ఫోను నడుస్తోంది.

"తీశావా? ఇంకా లేదా! భయమెందుకు? కత్తెర కూడా అక్కర్లేదు, మెడ దగ్గర పట్టుకుని పక్కకి వంచు, టక్కున ఊడొస్తాయి... సరే, ముందు వేళ్లు చూడు. నల్లబడ్డాయా? వేళ్లు నల్లబడ్డాయంటే ఇక లాభం లేదు, మొత్తం పీకి పారెయ్యడమే!"

కామా గారు తన వేళ్లు చూసుకున్నారు. సిరా తడి ఆరని ప్రూఫులు పట్టుకుని పట్టుకుని కొసలు మసిబొగ్గుల్లా ఉన్నాయి. పెద్దాయన తన రెండు చేతులూ మెల్లగా బల్ల కిందికి దించేశాడు.

ఆ తరువాత ప్రెస్సులో నీళ్ల కొళాయి దగ్గర ఇద్దరు పెద్దమనుషులు బట్టల సబ్బుతో, ఇటుకముక్కతో వేళ్లు తోముకోవడం మెషీను మనుషులు వింతగా చూశారు. నలుపు పోలేదు కానీ తోలు లేచి, వేళ్లు ఎర్రగా వాచాయి. పెద్దాయన అక్కడితో ఆగలేదు. భోజనాల వేళ మాయమై, వీధి చివరి మంగలిషాపు నుంచి తిరిగొచ్చాడు. తలంతా కాకిరెక్కలా నిగనిగలాడుతోంది. కనుబొమ్మలు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. నుదుటి మీద రంగు చారలుగా కారి ఆరిపోయింది.

"ఇప్పుడు చెప్పమను, ముదిరానో లేదో!" అన్నాడు.

కామా గారికి నవ్వు రాలేదు. ఆ చారల కింద పెద్దాయన ముఖంలో కనిపించిన భయం అచ్చంగా తనదే.

ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. పక్కవి పనికిరానివైతే కదా తీసెయ్యడం! పనంతా తామే చేస్తే సరి. అరసున్న కింద పని చూసుకుని, భోజనం చేసి తిరిగొచ్చేసరికి ఆమె బల్ల మీద ఒక్క కాగితం లేదు. సగం కిటికీ వైపు, సగం తలుపు వైపు వెళ్లిపోయాయి.

"బాబాయ్ గారూ, నా పేజీలు..." అందామె కామా గారితో.

"నేను చూస్తాన్లే అమ్మాయ్. నువ్వు కూర్చో." ఆయన ఆమె ముఖం వైపు చూడలేకపోయారు.

"మాస్టారూ, పోనీ మీ దగ్గరున్న బొమ్మల పేజీలైనా ఇస్తారా?"

"నీకెందుకమ్మా శ్రమ?" అన్నాడు పెద్దాయన, గొంతులో కాస్త విషం కలిపి. "రేప్పొద్దున పెద్దదానివయ్యేదానివి. చేతులు నలుపు చేసుకోకు."

అరసున్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఖాళీ బల్ల ముందు ఎర్ర కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. మొన్ననే వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, "ఇక్కడందరూ నన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంటారు," అని చెప్పుకుంది. ఇంట్లో మనిషి చేతిలో కాగితం ఎందుకు లాక్కుంటారు? తను ఏదో పెద్ద తప్పు వదిలేసి ఉంటుంది. అది అచ్చయిపోయి ఉంటుంది. తనను తీసేస్తున్నారు, చెప్పడానికి వీళ్లకు నోరు రావడం లేదు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటున్న కొద్దీ గోడ గడియారం చప్పుడు కూడా ఆమెను వెళ్లు వెళ్లు అన్నట్టే వినిపించింది.

చివరికి లేచి క్యాబిన్ తలుపు దగ్గరకు వెళ్లింది. తట్టడానికి చెయ్యి ఎత్తింది. లోపల ఫోన్ మోగింది.

"ఏమిటీ! మధ్యలోది పోయిందా?"

చెయ్యి గాల్లోనే ఆగింది.

మేనేజరు గారి గొంతు ఒక్కసారిగా నీరుగారిపోయింది. అయినా బయటికి స్పష్టంగానే వినిపించింది. "ఎంత ఆశ పెట్టుకున్నానే దాని మీద! సరే, ఏం చేస్తాం. పోయినదాన్ని అతికిస్తామా? ఇక ఆ పక్కవాటితోనే సరిపెట్టుకోవాలి. వాటిని ముట్టుకోకు, ఉండనీ."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "బతికిపోయాం, నాయనా!" అని గుసగుసగా అన్నాడు.

కామా గారికి కూడా ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ సుఖం అరసున్న వెనక్కి తిరిగి నడిచి వచ్చేదాకానే. ఆమె ఏడవలేదు. ఎర్ర కలం సంచిలో పెట్టింది. మంచినీళ్ల సీసా పెట్టింది. బల్లను చేత్తో ఒకసారి తుడిచింది, అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లు గడప తుడిచినట్టు. "వెళ్లొస్తాను, బాబాయ్ గారూ. ఏమైనా తప్పు చేసుంటే క్షమించండి," అంది. అరసున్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం వాళ్లు వినడం అదే మొదలు.

కామా గారు లేచి నిలబడ్డారు. ఆమె చేతిలోంచి సంచి తీసుకుని, తన బల్ల మీద పెట్టి, క్యాబిన్ తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లారు. ఉద్యోగంలో చేరాక ఆయన తలుపు తట్టకపోవడం ఇదే ప్రథమం.

"సార్, ఆ అమ్మాయిని, తీసేస్తే, నేను కూడా, వెళ్లిపోతాను," అన్నారు. నోటితో మాట్లాడినా కామాలు పడ్డాయి.

మేనేజరు గారు తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఎక్కడికి?"

"ఎక్కడికో, ఇంకా, అనుకోలేదు."

వెనకే పెద్దాయన వచ్చాడు. రావాలని రాలేదు, గదిలో ఒక్కడూ మిగిలిపోతే ఇంకా పిరికిగా కనిపిస్తానని వచ్చాడు. వచ్చాక మాత్రం గొంతు పెంచాడు. "నేనూ వెళ్తాను. పొద్దున మమ్మల్ని పీకేస్తానని, మధ్యాహ్నం ఆ పిల్లను పీకేస్తానని... ఏమిటిది, ఆఫీసా, బొమ్మలాటా?"

మేనేజరు గారికి ముందు ఆ జుట్టు ఎవరిదో పోల్చుకోవడానికి సమయం పట్టింది. పోల్చుకున్నాక, వీళ్లను వేరే ప్రెస్సువాడెవడో లాక్కుంటున్నాడన్న అనుమానం వచ్చింది. దసరా సెలవుల తరువాత స్కూళ్లు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. ప్రూఫుల గది మొత్తం ఒక్కసారి లేచిపోతే ఓనరు తన తోలు తీస్తాడు. "ఏ ప్రెస్సువాడు పిలిచాడు మిమ్మల్ని? నిజం చెప్పండి. రంగు కూడా వాడే వేయించాడా?"

"ఎవరూ పిలవలేదు సార్! మీరే కదా, మెడ పట్టుకుని పక్కకి వంచమన్నారు!" అన్నారు కామా గారు.

"ఎవరి మెడ?"

"మా మెడలే!" అన్నాడు పెద్దాయన. "బలమంతా తినేస్తున్నామట. ముదిరిపోయామట. వేళ్లు నల్లబడ్డాయట. ఇవిగో వేళ్లు, చూడు!" అని ఎర్రగా వాచిన రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

మేనేజరు గారు ఆ వేళ్లను చూశారు. కామా గారి వేళ్లను చూశారు. తలుపు సందులో నిలబడ్డ అరసున్నను చూశారు. తరువాత పైకప్పుకూ చెక్కగోడకూ నడుమ ఉన్న ఖాళీని చూశారు.

"ఓరి దేవుడా," అన్నారు. "అది చామంతి!"

"చామంతి ఎవరు సార్?" అని అడిగారు కామా గారు. "ఎప్పుడు చేరింది?"

మేనేజరు గారు పిలక నుంచి పేనుబంక దాకా మొత్తం చెప్పుకొచ్చారు. విన్నారు కానీ ముగ్గురి ముఖాలూ తేటపడలేదు. పొద్దుటి నుంచి పడ్డ భయం ఒక పూలకుండీ వల్లే అనుకుని కొట్టిపారెయ్యడానికి మనసు ఒప్పలేదు. పెద్దాయన బయటికే అన్నాడు: "కుండీ కంటితో చూస్తే గానీ నేను నమ్మను."

"రండి, చూపిస్తాను. ఎలాగూ పోయిందిగా. నలుగురం కలిసి ఏడుద్దాం," అన్నారు మేనేజరు గారు.

సాయంత్రం ప్రెస్సు మూశాక నలుగురూ వాళ్లింటికి నడిచారు. సందె వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. తలుపు తీసిన ఇల్లాలు భర్త వెనక ముగ్గుర్ని చూసి, అందులో ఒకరి నుదుటి మీద నల్లచారలు చూసి, భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది.

మేనేజరు గారు నేరుగా వెళ్లి కుండీ దగ్గర కూర్చున్నారు. కాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

కొమ్మ చివర నడిమి మొగ్గ చెక్కుచెదరకుండా ఉంది. అటొకటి, ఇటొకటి పక్క మొగ్గలూ ఉన్నాయి.

"పోయిందన్నావు కదే?"

ఇల్లాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. "మరేం చెయ్యమంటారు? మీరేమో గంటకోసారి తీశావా తీశావా అని ప్రాణం తీశారు. మధ్యదేదో పక్కదేదో నా కళ్లకి మూడూ ఒకేలా ఉన్నాయి. ఏది ఊడుతుందోనని అసలు ముట్టుకోనేలేదు. ఊడిపోయిందంటే ఇంక ఫోన్ చెయ్యరని అలా అన్నాను. సాయంత్రం మీరే చూసుకుని సంతోషిస్తారనుకున్నాను. ఇలా సాక్షుల్ని వెంటేసుకొస్తారని కలగన్నానా?"

ముందు నవ్వింది అరసున్న. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టి, ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. కామా గారు నవ్వారు. పెద్దాయన మాత్రం వంగి కుండీ అడుగు నుంచి బయటికొచ్చిన తెల్లటి వేరును వేలితో తాకి చూసి, "నల్లబడలేదు," అని పైకే చెప్పాడు.

మేనేజరు గారు చొక్కా చేతులు పైకి మడిచారు. వెలుగు పోకముందే పని కానివ్వాలి. కుడివైపు మొగ్గ మెడను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకున్నారు. ఆయన తల తిప్పి చూశారు. కామా గారు చేతులు కట్టుకుని ఆ మొగ్గవైపే చూస్తున్నారు, ఆసుపత్రి గది బయట నిలబడ్డ చుట్టంలా. పెద్దాయన మెల్లగా దగ్గాడు.

మేనేజరు గారు వేళ్లు వదిలేశారు. ఎడమవైపు మొగ్గ పట్టుకున్నారు. పెద్దాయన మళ్లీ దగ్గాడు.

"కాఫీ తాగుదాం," అన్నారు మేనేజరు గారు, లేచి మోకాళ్లు దులుపుకుంటూ.

ప్రదర్శన నాటికి ఆ కొమ్మకు మూడు పువ్వులు పూశాయి. తెల్లగా, ఆరోగ్యంగా, ఒకదాన్నొకటి మోచేతులతో పొడుచుకుంటున్నట్టు ఇరుకిరుకుగా, ఒక్కోటీ కాఫీ సాసరంత. కొమ్మకు ఒకే పువ్వు ఉండాల్సిన వరసలో ఆ కుండీని చూసి న్యాయనిర్ణేత ఆగాడు. ముందుకు వంగి కొమ్మను పరీక్షగా చూశాడు.

"మొక్కను చాలా బాగా పెంచారండీ. ఆకు మీద మచ్చ లేదు. మరి పక్క మొగ్గలు సమయానికి ఎందుకు తీసెయ్యలేదు?"

మేనేజరు గారు వెనక్కి తిరిగి, కొత్త చొక్కాలు వేసుకుని వచ్చి నిలబడ్డ ఇద్దర్నీ, వాళ్ల నడుమ నిలబడ్డ అమ్మాయినీ ఓసారి చూశారు.

"స్టాఫు ఒప్పుకోలేదండీ."